ఏరు దాటకముందే బోడి మల్లయ్య

సముద్రం మీద ఇరవై మూడు రోజులు గడిపి, ఆ అనుభవంలోంచి ఏదైనా సృష్టించి తెమ్మని కెనడాలోని వాంకూవర్‌లో ఒక కళా గ్యాలరీ కొందరు కళాకారులను సరుకు ఓడల్లో పంపించింది. అలా 2016 ఆగస్టులో రెబెకా మాస్ అనే బ్రిటిష్ కళాకారిణి ‘హాన్‌జిన్ జెనీవా’ అనే కంటైనర్ ఓడ ఎక్కింది. చేరవలసింది షాంఘై. ఓడ దారిలో ఉండగానే దాన్ని నడిపే కంపెనీ దివాలా తీసింది. జపాన్ దగ్గరకు వచ్చేసరికి రేవు లోపలికి రానివ్వలేదు. ఓడకు చిల్లు పడలేదు, ఇంజను చెడలేదు. కంటైనర్లన్నీ ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. కెప్టెన్‌కు వెళ్ళవలసిన దారీ తెలుసు. అయినా ఓడ ఎటూ వెళ్ళలేక రోజుల తరబడి నీళ్ళ మీదే ఉండిపోయింది. అసంబద్ధతలోని హాస్యమే ఆ కళాకారిణికి ముడిసరుకు. అంతకంటే అసంబద్ధమైన సన్నివేశం ఆమె కోరుకున్నా దొరికేది కాదు.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని మన సామెత. అవసరం తీరాక మనిషి విలువ ఎలా మారిపోతుందో చెప్పే మాట అది. హాన్‌జిన్ విషయంలో కథ అడ్డం తిరిగింది. ఏరు దాటకముందే, నడి నీటిలో ఉండగానే మల్లయ్య బోడి మల్లయ్య అయిపోయాడు. పడవలో ఉన్నవాళ్ళ గతి ఏమిటన్నది సామెత చెప్పని సంగతి. నిజానికి సముద్ర వాణిజ్య న్యాయం కూడా దాన్ని పూర్తిగా చెప్పలేదని ఆ ఏడాది ప్రపంచానికి తెలిసివచ్చింది.

హాన్‌జిన్ షిప్పింగ్ చిన్నాచితకా సంస్థ కాదు. 1977లో మొదలై దక్షిణ కొరియాలోకెల్లా పెద్ద షిప్పింగ్ లైన్‌గా, ప్రపంచంలో ఏడోదిగా ఎదిగింది. 2016 ఆగస్టు 30న, కొరియా డెవలప్‌మెంట్ బ్యాంక్ నాయకత్వంలోని అప్పులవాళ్ళు ఇక పైసా ఇవ్వలేమన్నారు. మర్నాడు, ఆగస్టు 31న, కంపెనీ సియోల్ కోర్టు గడప తొక్కి రక్షణ కోరింది. అప్పటికి ఉన్న అప్పు దాదాపు ఆరు లక్షల కోట్ల వన్‌లు, అంటే సుమారు 540 కోట్ల డాలర్లు. ఆ క్షణంలో దాని ఓడల మీద, దాని పేరున్న కంటైనర్లలో చిక్కుకున్న సరుకు విలువ దాదాపు 1,400 కోట్ల డాలర్లని అంచనా. ఆ సరుకులో కంపెనీకి చెందినది ఏమీ లేదు. అంతా ఊరివాళ్ళ సొమ్ము. ఎవరి టీవీలో, ఎవరి చెప్పులో, ఎవరి పరుపులో, ఎవరి మందులో. వాళ్ళలో చాలామందికి తమ సరుకు హాన్‌జిన్ ఓడలో ఉందన్న సంగతి కూడా అప్పటిదాకా తెలియదు.

కోర్టు రక్షణ దొరికాక ఓడ ఎందుకు ఆగాలన్నది ఎవరికైనా వచ్చే సందేహం. చీటీలు వేయించే పెద్దమనిషి ఇబ్బందుల్లో ఉన్నాడన్న కబురు వీధిలో పొక్కితే ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఆయన ఇంకా ఊళ్ళోనే ఉండవచ్చు, రేపు అందరికీ ఇచ్చేయవచ్చు కూడా. కానీ తెల్లారేసరికి ఇంటి ముందు జనం. రేవుల్లో జరిగింది అదే. ఒక కంటైనర్ ఓడ రేవులోకి రావాలంటే దారి చూపే పైలట్ కావాలి, లాగి తెచ్చే టగ్గులు కావాలి, బెర్తు కావాలి, క్రేన్లు కావాలి, ఇంధనం కావాలి. వీటిలో దేనికీ ఎవరూ అక్కడికక్కడ నోట్లు లెక్కపెట్టి ఇవ్వరు. అంతా ఖాతా. వచ్చినప్పుడు పని, తర్వాత బిల్లు. సెప్టెంబర్ మొదటి వారంలో ఆ ఖాతాలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. ముందు డబ్బు కడితేనే ముట్టుకుంటామన్నారు. కొరియాలోనే, కంపెనీ సొంత గడ్డ బుసాన్‌లోనే, కంటైనర్లను ఇనుప కడ్డీలతో బిగించి కట్టే లాషింగ్ కార్మికులు పాత బాకీలు తేలేదాకా పని చేయం పొమ్మన్నారు. వాళ్ళను తప్పుపట్టేదేముంది? రోజు కూలికి కడ్డీ బిగించేవాడు బ్యాంకులకంటే ఎక్కువ ఓపిక పట్టాలని ఎవరు అడగగలరు?

రేవులోకి వస్తే వచ్చే ప్రమాదం ఇంకోటి ఉంది. సముద్ర న్యాయంలో ఓడే నిందితుడు. యజమాని ఏ దేశంలో దాక్కున్నా బాకీ రావలసినవాడు ఓడ మీదే కేసు వేయవచ్చు. కోర్టు వారంటు తెచ్చి ఓడ మీద అతికించారంటే పూచీకత్తు కట్టేదాకా అది కదలడానికి లేదు. దీన్నే ఓడను అరెస్టు చేయడం అంటారు. ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. 1984లో విశాఖపట్నం రేవులోకి వచ్చిన ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే విదేశీ ఓడను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో అలాగే పట్టేశారు. గోవాలోని మార్మగోవా రేవు నుంచి సరుకు ఎత్తుకుని, ఇవ్వవలసిన సరుకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, ఇవ్వకుండా వెళ్ళిపోయిందన్నది దాని మీద ఫిర్యాదు. బ్రిటిష్ కాలపు చట్టాల ప్రకారం అలాంటి అధికారం మీకు లేదని ఓడ యజమానులు వాదించారు. సుప్రీంకోర్టు 1992లో ఆ వాదనను తోసిపుచ్చి హైకోర్టు అధికారాన్ని నిలబెట్టింది. దేశంలో నౌకా వ్యాజ్యాల తీరునే మార్చిన తీర్పుగా న్యాయవాదులు ఇప్పటికీ దాన్ని ఉదాహరిస్తారు. తర్వాత 2017లో వచ్చిన నౌకా వ్యాజ్యాల చట్టానికి దారి వేసింది కూడా ఆ ఆలోచనే.

బాకీ వసూలుకు ఇది మంచి ఆయుధం. కానీ ఆయుధం ఒకరి చేతిలో ఉన్నప్పుడు న్యాయం, వందమంది చేతుల్లో ఒకేసారి ఉన్నప్పుడు తొక్కిసలాట. హాన్‌జిన్ దివాలాకు ముందే సింగపూర్‌లో ‘హాన్‌జిన్ రోమ్’ను ఒక అప్పులవాడు అరెస్టు చేయించాడు. ఆ కబురుతో మిగిలిన కెప్టెన్లకు రేవు పేరు చెబితేనే భయం పట్టుకుంది. ఓడను బయటే ఉంచితే సరుకు చేరదు, లోపలికి తెస్తే ఓడ దక్కదు. అందుకే కొరియా కోర్టు ఇచ్చిన రక్షణను ఒక్కో దేశంలో విడివిడిగా గుర్తింపజేసుకోవలసి వచ్చింది. అమెరికా, జపాన్, బ్రిటన్, సింగపూర్ వంటి చోట్ల కోర్టులు సరే అన్నాయి. అలాంటి ఏర్పాటు చట్టంలోనే లేని దేశాల తీరం వైపు ఓడలు తొంగి చూడలేదు. ఒక కంపెనీ, ఒకే దివాలా. కానీ ఎన్ని తీరాలుంటే అన్ని న్యాయాలు.

అమెరికా పడమటి తీరాన లాంగ్‌బీచ్ ముందు జరిగింది దగ్గరగా చూడదగ్గది. అది పండగల సీజన్‌కు దుకాణాలు సరుకు నింపుకునే కాలం. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఆసియా నుంచి వచ్చే ఓడల్లోనే క్రిస్మస్ అమ్మకాలన్నీ ఉంటాయి. ఆ సమయంలో ‘హాన్‌జిన్ గ్రీస్’, ‘హాన్‌జిన్ బోస్టన్’ వంటి ఓడలు రేవు బయట లంగరు వేసుకుని కూర్చున్నాయి. రెండు ఓడల్లో తమ సరుకు 3.8 కోట్ల డాలర్లది ఉందని, అది దిగకపోతే పదహారు సరుకు విమానాలు అద్దెకు తీసుకోవలసి వస్తుందని శాంసంగ్ అమెరికా కోర్టుకు చెప్పుకుంది. శాంసంగ్ విమానాలు తెప్పించుకోగలదు. ఒక్క కంటైనర్ బొమ్మలు తెప్పించుకుని, వాటి మీదే ఏడాది బతుకు పెట్టుకున్న చిన్న వ్యాపారి ఏ విమానం తెస్తాడు?

న్యూజెర్సీలోని నెవార్క్ దివాలా కోర్టు రక్షణ ఇచ్చాక, దించే కూలికి డబ్బు సమకూరాక సెప్టెంబర్ 10న ‘హాన్‌జిన్ గ్రీస్’ లాంగ్‌బీచ్ రేవుకు చేరింది. కష్టం అక్కడితో తీరలేదు. అప్పటికే రవాణా చార్జీ కట్టేసిన సరుకుదార్లు తమ డబ్బా బయటికి రావాలంటే మళ్ళీ కట్టవలసి వచ్చింది. అనుకున్న రేవు ఒకటి, దించింది ఇంకో చోట. అక్కడినుంచి సొంత ఖర్చుతో తెచ్చుకోవాలి. ఇక సరుకు దించుకున్నాక మిగిలే ఖాళీ డబ్బా సంగతి మరీ విచిత్రం. మామూలుగా ఖాళీ కంటైనర్‌ను రేవు యార్డుకు తిరిగి అప్పగిస్తారు. హాన్‌జిన్ పేరున్న ఖాళీలు మాకొద్దని యార్డులు తలుపు వేశాయి. ట్రక్కు వెనకాల కంటైనర్‌ను మోసే చక్రాల చట్రం, చాసీ, ఆ ఖాళీ డబ్బా కింద ఇరుక్కుపోయింది. ఖాళీ దిగితే తప్ప ఆ చాసీ ఇంకో లోడుకు పనికిరాదు. అలా వేల చాసీలు ఇరుక్కుపోవడంతో హాన్‌జిన్‌తో ఏ సంబంధమూ లేని సరుకు కూడా రేవులోంచి కదలడం కష్టమైంది. సొంతంగా బండి నడుపుకునే డ్రైవరుకు చాసీ లేని రోజంటే కిరాయి లేని రోజు.

సంబంధం లేనివాళ్ళు ఇరుక్కోవడానికి ఇంకో కారణం షిప్పింగ్ కంపెనీల పొత్తులు. ఏ లైనూ అన్ని దారుల్లో అన్ని వారాలూ సొంత ఓడ నడపలేదు. అందుకని నాలుగైదు కంపెనీలు కూడి ఒకరి ఓడల్లో ఒకరు చోటు పంచుకుంటాయి. హాన్‌జిన్ అప్పట్లో చైనా కాస్కో, జపాన్ కె లైన్, తైవాన్ యాంగ్ మింగ్, ఎవర్‌గ్రీన్‌లతో పొత్తులో ఉంది. కాబట్టి ఎవర్‌గ్రీన్‌కు డబ్బు కట్టి, ఎవర్‌గ్రీన్ కాగితం జేబులో పెట్టుకున్న వర్తకుడి డబ్బా కూడా హాన్‌జిన్ ఓడ మీద ఉండవచ్చు. తన సరుకు ఎవరికి అప్పజెప్పాడో అతనికి తెలుసు, ఎవరు మోస్తున్నారో తెలియదు. కంటైనర్ వ్యాపారం సొగసంతా అందులోనే ఉంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది.

మన గోదావరి జిల్లాల చెరువులో పట్టిన వనామీ రొయ్య అమెరికా సూపర్ మార్కెట్‌కు చేరే దారి ఇలాంటిదే. రైతు దగ్గర కొన్న రొయ్యను ప్లాంటులో తల తీసి, శుభ్రం చేసి, గడ్డకట్టించి, సున్నాకు 18 డిగ్రీలు తక్కువలో రీఫర్ కంటైనర్‌కు ఎత్తుతారు. రీఫర్ అంటే కరెంటు తీగ ఉన్న డబ్బా. లారీ మీద జనరేటర్, రేవు యార్డులో ప్లగ్గు, ఓడ మీద ఓడ కరెంటు. ఆ తీగ ఎక్కడా తెగకుండా విశాఖ నుంచి అమెరికా దాకా వెళ్ళాలి. దాని వెనకే ఇంకో తీగ కూడా ఉంటుంది, అది కంటికి కనిపించదు. రైతుకు ప్లాంటు బాకీ, ప్లాంటుకు బ్యాంకు అప్పు, బ్యాంకుకు అమెరికా కొనుగోలుదారు పూచీ, ఏజెంటుకు షిప్పింగ్ లైన్ మాట, లైన్‌కు ఇంధనం పోసినవాడి ఖాతా. ఈ వరసలో ఎక్కడో ఒకచోట ‘ఇక నమ్మను’ అన్న మాట వచ్చిందంటే, ఫ్రీజర్ ఎంత చల్లగా ఉన్నా ఉపయోగం లేదు. భీమవరంలో చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకు సియోల్ కోర్టు ఎక్కడుందో తెలియనక్కరలేదు. అక్కడి ఉత్తర్వు ప్రభావం మాత్రం కొనుగోలుదారు గొంతు మార్పులోనో, వారం వారం తగ్గే ధరలోనో తెలిసిపోతుంది.

ఓడ నిజంగా మునిగిపోయినా ఇంత గందరగోళం ఉండేది కాదని చెబితే వింతగా ఉంటుంది, కానీ అది నిజం. సముద్రం మనిషికి మొదటినుంచీ శత్రువే కాబట్టి, దాని దెబ్బను పంచుకునే పద్ధతులు వేల ఏళ్ళ కిందటే పుట్టాయి. తుపానులో ఓడను కాపాడటానికి కొందరి సరుకు నీళ్ళలో పారేస్తే, ఆ నష్టాన్ని అందరూ వాటాలు వేసుకుని భరించాలన్న నియమం రోడ్స్ ద్వీపం పేరుతో రోమన్ న్యాయంలోనే ఉంది. ఆ నియమం ఇప్పటికీ బతికే ఉంది. 2021 మార్చిలో ‘ఎవర్ గివెన్’ అనే ఓడ సూయజ్ కాలువకు అడ్డం పడినప్పుడు, దాన్ని విడిపించిన ఖర్చు కోసం అదే నియమాన్ని ప్రయోగించి అందులోని సరుకుదార్లందరినీ వాటా పూచీ అడిగారు. నచ్చినా నచ్చకపోయినా అదొక క్రమం. ఎవరు ఎంత భరించాలో లెక్కగట్టే నిపుణులున్నారు, బీమా ఉంది.

కంపెనీ మునిగితే అలాంటి క్రమం లేదు. సరుకు బీమా పాలసీలు తుపానును గుర్తిస్తాయి, మంటను గుర్తిస్తాయి, ఓడ ఒరిగిపోవడాన్ని గుర్తిస్తాయి. ఆలస్యం వల్ల వచ్చిన నష్టం మాత్రం మామూలు పాలసీల్లో చెల్లదు. ఓడ నడిపేవాడి దివాలా కూడా మినహాయింపుల జాబితాలోదే. సరుకు ఎక్కించేనాటికి ఆ సంగతి తెలియని వర్తకుడికి మాత్రం 2009 నాటి నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. అంటే ఓడ పోతే డబ్బు వస్తుంది, ఓడ తేలుతూ ఉండిపోతే వచ్చేది అనుమానమే. సరుకు చెడిపోలేదు కదా అంటారు. క్రిస్మస్ వెళ్ళిపోయాక వచ్చిన క్రిస్మస్ చెట్టుకు చెడిపోవడం వేరే అవసరమా?

ఇంత పెద్ద సంస్థ ఎందుకు కూలింది? కుటుంబ కలహాలు, యాజమాన్య లోపాలు, ప్రభుత్వ ధోరణి అంటూ కొరియాలో అప్పట్లో చాలా వాదనలే నడిచాయి. వాటన్నిటి అడుగున ఉన్నది చౌక. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత అప్పుల నిష్పత్తి తగ్గించుకోవాలన్న ప్రభుత్వ ఒత్తిడితో కొరియా కంపెనీలు సొంత ఓడలు అమ్ముకుని అద్దె ఓడల మీద పడ్డాయి. 2008కి ముందు వ్యాపారం పొంగుతున్న రోజుల్లో ఎక్కువ అద్దెకు, ఎక్కువ ఏళ్ళకు ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. ఆ తర్వాత ప్రపంచ వాణిజ్యం చతికిలబడింది. పడినా పెద్ద కంపెనీలు మరింత పెద్ద ఓడలు కట్టిస్తూనే పోయాయి. ఓడ ఎంత పెద్దదైతే డబ్బా మీద ఖర్చు అంత తగ్గుతుందన్నది వాటి లెక్క. అందరూ అదే లెక్క వేయడంతో మోసే చోటు ఎక్కువై, మోయవలసిన సరుకు తక్కువైంది. 2015, 2016 ప్రాంతాల్లో షాంఘై నుంచి యూరప్‌కు ఇరవై అడుగుల కంటైనర్ రవాణా ఒక దశలో 200 డాలర్ల దగ్గరకు దిగజారింది. ఆ ధర ఇంధనానికే చాలదు.

ఆ 200 డాలర్ల చార్జీ చూసి అప్పట్లో ఏడ్చినవాళ్ళు లేరు. ఎగుమతిదారు సంతోషించాడు, దిగుమతిదారు సంతోషించాడు, దుకాణంలో చొక్కా కొన్న మనిషికి తెలియకుండానే సంతోషం దక్కింది. మన సరుకును మోసినవాడు నష్టానికి మోస్తున్నాడంటే, ఆ తేడాను ఎవరో అప్పుగా భరిస్తున్నారని అర్థం. ఆ అప్పు ఒకనాడు తిరిగి వస్తుంది. ఎప్పుడో, ఎవరి మీదికో మాత్రం ముందు తెలియదు. 2016 సెప్టెంబర్‌లో అది నడి సముద్రంలో ఉన్నవాళ్ళ మీదికి వచ్చింది.

హాన్‌జిన్ కేసు వెళ్ళిన నెవార్క్‌కు ఈ వ్యాపారంలో ఒక చరిత్ర ఉంది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి 58 అల్యూమినియం డబ్బాలను ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ మీద పెట్టి హ్యూస్టన్‌కు పంపింది అక్కడినుంచే. కూలీలు చేతులతో ఎత్తితే టన్నుకు 5.86 డాలర్లయ్యే సరుకెక్కించే ఖర్చు, డబ్బాతో 16 సెంట్లకు పడిపోయింది. ఆధునిక ప్రపంచ వాణిజ్యం ఆ తేడా మీదే నిలబడింది. ఆ మెక్‌లీన్ తర్వాత యునైటెడ్ స్టేట్స్ లైన్స్ అనే కంపెనీ కొన్నాడు. చమురు ధర మండుతోందని, నెమ్మదిగా వెళ్తూ ఇంధనం ఆదా చేసే పన్నెండు భారీ ఓడలు కొరియాలో కట్టించాడు. అవి వచ్చేసరికి చమురు ధర పడిపోయింది. 1986 నవంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. కంటైనర్‌ను కనిపెట్టి నడిపించినవాడే కంటైనర్ అప్పుల్లో మునిగాడు. ఆయన జీవితం ఒక్క పాత లారీతో మొదలైంది. హాన్‌జిన్ సంస్థాపకుడు చో చూంగ్ హూన్ కూడా 1945లో ఇంచియాన్‌లో ఒక లారీతోనే మొదలుపెట్టాడు. బళ్ళు ఓడలు కావడం, ఓడలు బళ్ళు కావడం మనవాళ్ళు ఊరికే అన్న మాట కాదు.

హాన్‌జిన్‌ను 2017 ఫిబ్రవరి 17న కోర్టు పూర్తిగా దివాలా తీసినట్టు ప్రకటించింది. లాంగ్‌బీచ్ టెర్మినల్‌లో దాని వాటా ఎం.ఎస్.సి. అనే షిప్పింగ్ కంపెనీ చేతికి వెళ్ళింది. పసిఫిక్ దారుల వ్యాపారం మరో కొరియా బృందం కొనుక్కుంది. మిగిలిన కంపెనీలు దీన్నుంచి నేర్చుకున్న పాఠం ఒకటుంది. కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. జపాన్‌లోని మూడు పెద్ద లైన్లు తమ కంటైనర్ వ్యాపారాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చి 2018లో ‘వన్’ అనే కంపెనీగా నడపడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ప్రపంచ కంటైనర్ సామర్థ్యంలో ఎనభై శాతానికి పైగా పది కంపెనీల చేతిలోనే ఉంది. పడిపోయే కంపెనీల సంఖ్య తగ్గింది, నిజమే. బేరమాడే చోటు కూడా తగ్గింది. కోవిడ్ కాలంలో, 2021 సెప్టెంబర్‌లో, నలభై అడుగుల కంటైనర్ సగటు చార్జీ పది వేల డాలర్లు దాటినప్పుడు సరుకుదార్లకు వెళ్ళడానికి వేరే గుమ్మం లేదు. 200 డాలర్ల రోజుల నాటి అప్పు వడ్డీతో సహా వసూలైంది. కొరియా ప్రభుత్వానిదీ అదే అనుభవం. హాన్‌జిన్‌ను ఆదుకోవడానికి చేతులు రాని ఆ దేశం, మిగిలిన ఒక్క పెద్ద లైన్ హెచ్.ఎం.ఎం.ను నిలబెట్టడానికి 2018లో ప్రత్యేక సంస్థను పెట్టి, హాన్‌జిన్‌కు కావలసివచ్చినదానికంటే చాలా ఎక్కువే ఖర్చుపెట్టింది.

ఈ లెక్కలన్నిటిలో కనిపించని మనుషులు ఓడ మీద ఉన్నారు. రేవు రానివ్వని ఓడలో నావికుడు ఖైదీ కాడు, స్వేచ్ఛాజీవీ కాడు. నీళ్ళు పొదుపుగా వాడుకోవాలి, బియ్యం ఎన్నాళ్ళు వస్తాయో చూసుకోవాలి, ఇంటికి ఏం చెప్పాలో తెలియదు. యజమాని వదిలేసిన ఓడల్లో నెలల తరబడి జీతం లేకుండా చిక్కుకున్నవాళ్ళ కథల్లో భారతీయులు తరచుగా కనిపిస్తారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి సరుకు ఓడల్లో పనికి వెళ్ళే యువకులు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు. వాళ్ళ విషయంలో లోకం ఒక మంచి పని చేసింది. నావికుణ్ణి వదిలేస్తే ఇంటికి చేర్చే ఖర్చూ నాలుగు నెలల దాకా జీతమూ వచ్చేలా ఓడ యజమాని ముందే ఆర్థిక పూచీ చూపాలన్న నిబంధన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందంలో చేరి 2017 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అమలులో లోటుపాట్లు ఎన్ని ఉన్నా, దివాలాకు ముందే దివాలా ఖర్చు పక్కన పెట్టించాలన్న తెలివి అందులో ఉంది. సరుకుకు మాత్రం ఆ తెలివి ఇంకా పూర్తిగా అందలేదు. పొత్తు కంపెనీల్లో ఒక కూటమి, సభ్యుల్లో ఎవరైనా కూలితే సరుకును గమ్యం చేర్చడానికని హాన్‌జిన్ తర్వాత ఒక నిధి పెట్టుకుంది. అది వాళ్ళ మధ్య ఏర్పాటు, ప్రపంచ నియమం కాదు.

మన దేశానికి ఇది ఇప్పుడు ఎందుకంటే, పరిమాణంలో చూస్తే మన విదేశీ వాణిజ్యంలో తొంభై అయిదు శాతం సముద్రం మీదే నడుస్తోంది, మోసేది మాత్రం ఎక్కువగా పరాయి ఓడలే. సొంత ఓడలుండాలన్న కోరిక సహజం. 2025-26 కేంద్ర బడ్జెట్ 25,000 కోట్ల రూపాయలతో సముద్ర రంగ అభివృద్ధి నిధి ప్రకటించింది. మన తీరంలో మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం రేవులు లేస్తున్నాయి. ఈ కోరిక కొత్తదీ కాదు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ 1919లో ‘లాయల్టీ’ ఓడను లండన్‌కు పంపిన రోజునే మనం ఇప్పటికీ జాతీయ సముద్రయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ కంపెనీ విశాఖలో వేసిన షిప్‌యార్డు ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డుగా నిలిచింది. కంపెనీ తర్వాత అప్పుల్లో కూరుకుపోయి కనుమరుగైంది. విశాఖలో సింధియా ఇప్పుడు ఒక బస్సు స్టాపు. రోజూ అక్కడ దిగేవాళ్ళలో చాలామందికి అది ఒక ఓడల కంపెనీ పేరని తెలియదు. ఓడలు కట్టడం, కొనడం, నడపడం మీద మనం ఎప్పుడూ ఉత్సాహంగానే మాట్లాడుకున్నాం. నడపలేని రోజు వస్తే ఎలా దించాలన్న దాని గురించి ఏనాడూ మాట్లాడుకోలేదు.

మాట్లాడుకోవలసినవి మరీ కష్టమైనవేమీ కాదు. మన రేవుల్లో క్రమం తప్పకుండా సరుకెత్తే ప్రతి లైనూ, ఎక్కించిన సరుకును దించి సొంతదారుకు అప్పగించడానికి సరిపడే పూచీని ముందే ఎక్కడో ఉంచాలి. కోర్టు తగాదా తేలేదాకా ఓడను ఆపినా, సరుకును ఆపకుండా బయటికి వదిలే దారి ఉండాలి. ఒక దేశపు దివాలా ఉత్తర్వును ఇంకో దేశపు రేవు ఎలా చూడాలన్నది వ్యాజ్యం వచ్చాక వెతుక్కునే జవాబు కాకుండా, ముందే రాసి పెట్టుకున్న నియమం కావాలి. వీటివల్ల చార్జీ కొంత పెరుగుతుంది. పెరగాలి కూడా. ఇప్పటి ధరలో లేని ఆ కొంతే హాన్‌జిన్ నాడు లాంగ్‌బీచ్ చిన్న వ్యాపారి రెండోసారి కట్టింది, బుసాన్ కార్మికుడు పోగొట్టుకున్నది, లంగరు వేసిన ఓడలో నావికుడు నీళ్ళు కొలుచుకుంటూ భరించింది. అందరూ తలా కాస్త కట్టవలసినదాన్ని, ఆ రోజు ఓడలో ఉన్న పాపానికి కొందరి చేత కట్టించడం వ్యాపారం కాదు, జూదం. తుపాను నష్టాన్ని వాటాలు వేసుకోవడం రెండు వేల ఏళ్ళ కిందటే నేర్చుకున్న వర్తక లోకానికి దివాలా నష్టాన్ని వాటాలు వేసుకోవడం తెలియని విద్య కాదు. ఆ వాటాల లెక్క మాత్రం ఓడ రేవు వదలకముందే తేలాలి. నడి సముద్రంలో అడిగే లెక్కకు ఎప్పుడూ బలహీనుడే బాకీదారుగా తేలుతాడు.